చదువుకోవడానికి జీతమిచ్చిన రోజులు

నెలరోజులుగా మా ఇంట్లో భోజనాల బల్ల మీద భోజనాల కంటే లెక్కలే ఎక్కువ జరుగుతున్నాయి. మా ఆవిడ ఎమ్మెస్సీ మేథ్స్. పెళ్ళికి ముందు గుంటూరులో ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పేది. ఆక్లండ్ వచ్చాక చేసిన ఉద్యోగాల జాబితా చెప్తే మీకు బోరు కొడుతుంది. ప్రస్తుతం సాయంత్రాలు బడి వదిలాక పిల్లల్ని చూసుకునే ఒక కేంద్రంలో పనిచేస్తోంది. ఆమెకి ఇక్కడి హైస్కూల్లో లెక్కల టీచర్ కావాలని కోరిక. దానికి ఒక ఏడాది డిప్లొమా చెయ్యాలి. ఫీజు ఎనిమిది తొమ్మిది వేల డాలర్లు. ఆ ఏడాది ఆమె జీతం ఉండదు. అందులో 80 రోజులు ఏదో ఒక స్కూల్లో పాఠాలు చెప్తూ నేర్చుకోవాలి, దానికి పైసా రాదు. మాకో పాప, ఒక హౌస్ లోను.

"స్టూడెంట్ లోను తీసుకుందామా?" అంది. రెసిడెన్స్ వచ్చాక మూడేళ్ళు ఇక్కడ ఉంటే గానీ ఆ లోను ఇవ్వరు. 2021 లో ప్రభుత్వం ప్రకటించిన ఒక్కసారి రెసిడెంట్ వీసా పుణ్యమా అని 2022 లో మాకు రెసిడెన్స్ వచ్చింది, కాబట్టి ఆ గండం గట్టెక్కాం. కానీ మధ్యతరగతి తెలుగు బుర్ర కదా, అప్పు అనగానే నాకు కడుపులో ఏదో తిప్పుతుంది. ఇంటి కోసం చేసిన అప్పు వేరు, చదువు కోసం ముప్పై ఆరేళ్ళ వయసులో చేసే అప్పు వేరు.

ఈ గొడవంతా ఒక ఆదివారం కంచె దగ్గర నిలబడి పక్కింటి పెద్దావిడతో చెప్పాను. ఆవిడకి ఎనభై దాటాయి. రిటైరైన టీచర్. నేను చెప్పిందంతా విని, చేతి తొడుగులు తీసి పక్కన పెట్టి, "మేం చదువుకుంటున్నప్పుడు మాకు ప్రభుత్వమే జీతమిచ్చేది" అంది. నేను స్కాలర్‌షిప్ గురించి చెప్తోందేమో అనుకున్నాను. "కాదు కాదు, జీతం. రెండు వారాలకోసారి. క్లాసులో వందకి వందమందికీ" అంది. ఆవిడ తండ్రి మాంసం ఎగుమతి చేసే ఫ్యాక్టరీలో కార్మికుడు. ఇంట్లో హైస్కూలు పూర్తిచేసిన మొదటి మనిషి ఆవిడే. మొదటి చెక్కుతో ఒక జత మంచి బూట్లు కొనుక్కుని, మిగిలింది అమ్మ చేతికిచ్చిందట. "ఆ డబ్బు లేకపోతే నేను ఏ ఆఫీసులోనో టైపు కొట్టుకుంటూ ఉండేదాన్ని" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒకే దేశం, ఒకే ఉద్యోగం. అప్పుడు జీతం, ఇప్పుడు అప్పు. ఈ రెండింటి మధ్య ఏం జరిగింది? పాత ప్రోగ్రాముల్లో ఈ లైను ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు, ఎందుకు మార్చారు అని వెనక్కి తవ్వుకుంటూ పోవడం నాకు పద్దెనిమిదేళ్ళుగా అలవాటైన పనే. ఈసారి ఒక దేశం మీద ఆ పని చేశాను. తవ్వుతూ పోతే చివరికి ఎక్కడ తేలానో తెలుసా? మద్రాసులో.

మద్రాసు ఇసకలోంచి

ఆండ్రూ బెల్ అనే స్కాట్లండ్ మతాధికారి 1787 లో మద్రాసు వచ్చాడు. 1789 నుంచి ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల బడి చూసుకున్నాడు. అక్కడి పంతుళ్ళు ఆయన చెప్పిన మాట వినలేదు. ఒకరోజు దారిలో ఒక వీధిబడిలో పిల్లలు ఇసకలో వేలితో అక్షరాలు దిద్దడం చూశాడు. మన తాతల కాలం దాకా అందరూ అలా దిద్దినవాళ్ళే. ఆయన ఆ ఇసకనీ తీసుకున్నాడు, పెద్ద పిల్లలు చిన్నపిల్లలకి నేర్పే పద్ధతినీ పెట్టాడు. ఇంగ్లండు వెళ్ళి 1797 లో దాని మీద పుస్తకం వేశాడు. దానికి మద్రాసు పద్ధతి అనే పేరు పడింది. స్కాట్లండ్‌లో సెయింట్ ఆండ్రూస్ ఊళ్ళో ఇప్పటికీ మద్రాస్ కాలేజ్ అనే హైస్కూలు ఉంది, ఆయన ఇచ్చిన డబ్బుతో పెట్టిందే.

ఆ పద్ధతిలో గొప్పతనమల్లా ఒకటే, చవక. ఒక్క పంతులుతో వందలమంది పిల్లల్ని నడిపెయ్యొచ్చు. చవకలో ఉండే తంటా కూడా అందులోనే ఉంది. పదేళ్ళ పిల్లాడు ఎనిమిదేళ్ళ పిల్లాడికి ఎంత నేర్పగలడు? కొన్ని దశాబ్దాలు గడిచాక ఇంగ్లండులో కే-షటిల్‌వర్త్ అనే అధికారి 1846 లో కొత్త ఏర్పాటు తెచ్చాడు. పదమూడేళ్ళు నిండిన చురుకైన పిల్లల్ని అయిదేళ్ళపాటు శిష్య-ఉపాధ్యాయులుగా పెట్టుకోవాలి. పగలు పాఠం చెప్పాలి, బడి గంటలకి ముందో తర్వాతో హెడ్మాస్టరు దగ్గర పాఠం నేర్చుకోవాలి. మొదటి ఏడాది 10 పౌండ్లు, ఏటా కొంచెం పెరిగి చివరి ఏడాదికి 20 పౌండ్లు. అయిదేళ్ళయ్యాక పరీక్షలో నెగ్గినవాళ్ళకి శిక్షణ కాలేజీలో చేరడానికి రాణిగారి పేర స్కాలర్‌షిప్పు.

ఇక్కడ కాసేపు ఆగాలి. ఆ రోజుల్లో చాలా పనులు నేర్చుకోవాలంటే తండ్రి ఎదురు డబ్బు కట్టి కొడుకుని పనివాడి దగ్గర చేర్చేవాడు. టీచర్ పనికి మాత్రం ప్రభుత్వమే నేర్చుకునేవాడికి డబ్బిచ్చింది. కారణం జాలి కాదు. కలిగినవాళ్ళ పిల్లలు పేదల బళ్ళో పంతుళ్ళుగా రారు. వచ్చేది కూలివాళ్ళ పిల్లలే, వాళ్ళు పదమూడేళ్ళకే సంపాదించి ఇంటికి తేవాలి. ఆ సంపాదన పోకుండా చేస్తేనే వాళ్ళు చదువు వైపు నిలబడతారు. ఈ లెక్క 1846 లో ఒక గుమాస్తా బుర్రకి తట్టింది. ఇది గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

1854 లో మన దేశానికి వచ్చిన ఉడ్ విద్యాపత్రంలో కూడా ఇదే పద్ధతిని ఇండియాకి తగ్గట్టు మలచమని ఉంది. మద్రాసులో 1856 లో నార్మల్ స్కూలు పెట్టారు. తర్వాత సైదాపేటకి మారిన టీచర్స్ కాలేజీ అదే. అదే పద్ధతి ఓడలెక్కి న్యూజీలండుకీ వచ్చింది.

నాలుగు కాలేజీలు, రెండుసార్లు తాళాలు

న్యూజీలండులో మొదటి శిక్షణ కాలేజీ 1876 లో డునీడిన్‌లో తెరిచారు. అది స్కాట్లండ్ వాళ్ళు కట్టుకున్న ఊరు, చదువంటే వాళ్ళకి కొంచెం పిచ్చి. మరుసటి ఏడాది క్రైస్ట్‌చర్చ్, 1880 లో వెల్లింగ్టన్, 1881 లో ఆక్లండ్. మధ్యలో 1877 లో విద్యాచట్టం వచ్చింది. ఏడు నుంచి పదమూడేళ్ళ పిల్లలకి చదువు ఉచితం, నిర్బంధం, మతం జోలికి పోనిది. చట్టమైతే రాసుకున్నారు గానీ పాఠం చెప్పేవాళ్ళు కావాలి కదా. ఊరూరా శిష్య-ఉపాధ్యాయులనే పెట్టుకున్నారు. వాళ్ళలో ఆడపిల్లలు చాలామంది. ఎందుకో మీకు తెలుసు, చవక.

1880లలో దేశం పెద్ద ఆర్థికమాంద్యంలో పడింది. 1887-88 నాటికి ఖర్చు తగ్గించాలని ప్రభుత్వం కూర్చుంది. బళ్ళు మూసేస్తే ఓట్లు పోతాయి. టీచర్లని తీసేస్తే పిల్లల తల్లిదండ్రులు ఊరుకోరు. శిక్షణ కాలేజీల గ్రాంటు ఆపేస్తే? ఈ ఏడాది ఎవరికీ ఏమీ తెలియదు, వచ్చే ఏడాదీ తెలియదు. గ్రాంటు ఆపేశారు. ఆక్లండ్, వెల్లింగ్టన్ కాలేజీలు మూతపడ్డాయి. డునీడిన్, క్రైస్ట్‌చర్చ్ ఎలాగో ఈదుకొచ్చాయి. మూసిన ఆ రెండూ మళ్ళీ తెరుచుకున్నది 1906 లో. దాదాపు పద్దెనిమిదేళ్ళు! జార్జ్ హాగ్‌బెన్ అనే లెక్కల మాస్టారు 1899 లో దేశం మొత్తానికి స్కూళ్ళ ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యాక గానీ కదలిక రాలేదు. నాలుగు కాలేజీలనీ నిలబెట్టి, అక్కడ చదివేవాళ్ళకి భత్యం ఇవ్వడాన్ని ఒక పద్ధతిలోకి తెచ్చింది ఆ కాలమే.

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పనిచేసినవాళ్ళకి ఈ కథ బాగా తెలిసుంటుంది. గిరాకీ తగ్గగానే మొట్టమొదట కోతపడేది ట్రైనింగ్ బడ్జెట్. ఎందుకంటే దాని నష్టం ఆ క్వార్టర్లో కనపడదు.

1930ల మాంద్యంలో మళ్ళీ అదే జరిగింది. ఈసారీ కాలేజీలు మూతపడ్డాయి. 1932 లో అయిదేళ్ళ పిల్లల్ని బడికి రావద్దన్నారు, ఆరేళ్ళు నిండాక రమ్మన్నారు. టీచర్ల ఖర్చు తగ్గించే ఉపాయం! 1935 ఎన్నికల్లో లేబర్ పార్టీ మొదటిసారి గెలిచింది. 1936 లో అయిదేళ్ళ పిల్లలు మళ్ళీ బడికొచ్చారు. మూసిన కాలేజీలు కూడా మళ్ళీ తెరుచుకున్నాయి.

వందకి వందమందికీ

పక్కింటి పెద్దావిడ చెప్పిన రోజులు ఆ తర్వాతవి. 1940 నుంచి 1960 దాకా విద్యాశాఖని నడిపినవాడు సి. ఇ. బీబీ. ఆస్తీ అంతస్తూ తెలివితేటల తేడా లేకుండా ప్రతి పిల్లకీ తనకి సరిపడే చదువు దొరకాలన్నది ఆ ప్రభుత్వం పెట్టుకున్న లక్ష్యం. యుద్ధం అయిపోయింది, సైనికులు ఇళ్ళకొచ్చారు, పిల్లలు పుట్టారు. బళ్ళు చాల్లేదు, టీచర్లు అసలే చాల్లేదు. ఆక్లండ్ దక్షిణాన ఆర్డ్‌మోర్‌లో యుద్ధకాలపు విమానస్థావరం ఖాళీగా ఉంటే 1948 లో దాన్నే టీచర్ల కాలేజీ చేశారు. 1974 దాకా నడిచింది. 1956 లో పామర్‌స్టన్ నార్త్, 1960 లో హామిల్టన్.

ఆ రోజుల్లో ట్రైనింగ్ కాలేజీలో చేరిన రోజునుంచే భత్యం. హైస్కూలు టీచర్ అవుతానన్నవాళ్ళకి స్టూడెంట్‌షిప్పులని వేరే ఉండేవి. డిగ్రీ చదువుకునేటప్పుడే డబ్బు. బదులుగా ఎన్నేళ్ళు తీసుకుంటే అన్నేళ్ళు ప్రభుత్వ పాఠశాలల్లో పనిచేస్తానని బాండు రాయాలి. మధ్యలో మానేస్తే తిరిగి కట్టాలి. పెద్దావిడ ట్రైనింగయ్యాక నార్త్‌లండ్‌లో ఒక మారుమూల ఊళ్ళో పనిచేసింది. రెండే గదుల బడి. "వెళ్ళనని ఏడ్చాను. వచ్చేటప్పుడు కూడా ఏడ్చాను" అంది.

ఆ డబ్బు ఎవరెవర్ని లోపలికి రానిచ్చిందో చూడండి. జానెట్ ఫ్రేమ్ పేరు మీలో కొందరు విని ఉంటారు. జేన్ కాంపియన్ 1990 లో తీసిన సినిమాలో కథానాయిక ఈవిడే. రైల్వే కార్మికుడి కూతురు. 1943 లో డునీడిన్ ట్రైనింగ్ కాలేజీలో చేరింది. 1945 లో క్లాసులో ఉండగా ఇన్‌స్పెక్టర్ వస్తే, ఒక్క నిమిషం అని చెప్పి బయటికి నడిచి మళ్ళీ వెనక్కి రాలేదు. టీచర్ కాలేదు, కానీ ఆ దేశపు అతిగొప్ప రచయితల్లో ఒకరైంది. పట్రీషియా గ్రేస్ వెల్లింగ్టన్ కాలేజీలో శిక్షణ పొంది పల్లె బళ్ళలో పాఠాలు చెప్తూ కథలు రాసింది. 1975 లో వచ్చిన ఆమె పుస్తకం ఒక మావొరీ స్త్రీ అచ్చువేసిన మొదటి కథాసంపుటి. రాల్ఫ్ హోటెరే అనే మావొరీ చిత్రకారుడు ఆక్లండ్ టీచర్స్ కాలేజీకి వెళ్ళి, కొన్నాళ్ళు విద్యాశాఖ తరఫున ఉత్తరాది బళ్ళకి బొమ్మల పాఠాల సలహాదారుగా తిరిగినవాడే. భత్యం వల్లే వాళ్ళు అంతవాళ్ళయ్యారని నేననను. కానీ ఇంటి నుంచి ఒక్క డాలరు రాని పిల్లలకి కాలేజీ గుమ్మం దాటడానికి ఆ రోజుల్లో ఉన్న బాగా వెడల్పైన తలుపు ఇదే.

అలాగని అంతా స్వర్ణయుగం అనుకోవద్దు. జీతం ఇచ్చేది ప్రభుత్వం కాబట్టి ఎంతమందిని తీసుకోవాలో కూడా ప్రభుత్వమే లెక్కపెట్టేది. ఇష్టం లేకపోయినా డబ్బు కోసం చేరినవాళ్ళున్నారు. బాండు తీరేదాకా గోడ మీద క్యాలెండరు చూసుకుంటూ పాఠం చెప్పినవాళ్ళూ ఉండే ఉంటారు. అలాంటి టీచర్ చేతిలో పడిన పిల్లల సంగతేమిటి? ఈ ప్రశ్న మా ఆవిడే అడిగింది. నా దగ్గర సమాధానం లేదు.

భాష కోసం ఒక ఏడాది

ఈ చరిత్రలో నన్ను బాగా పట్టుకున్న ముక్క ఇంకొకటుంది. 1972 సెప్టెంబరు 14 న మావొరీ యువకులు కొందరు పార్లమెంటు మెట్ల మీదికి ఒక అర్జీ పట్టుకొచ్చారు. 30 వేలకి పైగా సంతకాలు. మా భాషని బళ్ళలో నేర్పండి అన్నది దాని సారాంశం. అప్పటికి ఆ భాష ముసలివాళ్ళ నోళ్ళలోనే మిగిలింది. నేర్పుదామంటే టీచర్లేరీ? డిగ్రీ ఉన్నవాళ్ళకి భాష రాదు, భాష వచ్చినవాళ్ళకి డిగ్రీ లేదు. రెండేళ్ళ తర్వాత ఒక కొత్త దారి తీశారు. మావొరీ మాతృభాషగా వచ్చినవాళ్ళని తీసుకుని ఒక్క ఏడాది టీచర్ శిక్షణ ఇచ్చి బళ్ళకి పంపారు. 1982 లో చంటిపిల్లల భాషాగూళ్ళు మొదలయ్యాయి, 1987 లో మావొరీ అధికారభాష అయింది. ఆ తర్వాతి కాలంలో ప్రభుత్వం ఇచ్చిన శిక్షణ స్కాలర్‌షిప్పుల్లో మావొరీ భాషలో పాఠం చెప్పేవాళ్ళకి ఎప్పుడూ ఒక వరస ఉంటూ వచ్చింది.

శనివారాలు ఇక్కడ మన పిల్లలకి తెలుగు చెప్పే అమ్మలూ నాన్నలూ ఈ సంగతి వింటే ఏమనుకుంటారో? మనం అక్షరమాల చార్టు గోడకి అంటించి, భాష దానంతటదే నిలబడుతుందని నమ్ముతున్నాం. వాళ్ళు ముందు టీచర్ని తయారుచేసుకున్నారు.

లైను మార్చింది ఇక్కడే

1984 లో వచ్చిన లేబర్ ప్రభుత్వం దేశాన్ని తలకిందులు చేసింది. డాలరుని వదిలేశారు, సబ్సిడీలు తీసేశారు, ప్రభుత్వ సంస్థలు అమ్మారు. చదువు వంతు చివర్లో వచ్చింది. ఆనాటి వాదన ఏమిటంటే, పైచదువు వల్ల ముఖ్యంగా లాభపడేది చదివినవాడు, కాబట్టి ఖర్చులో వాటా వాడు పెట్టుకోవాలి. డాక్టరుకీ లాయరుకీ ఈ వాదన కొంతవరకు అతుకుతుంది. టీచరుకి అతుకుతుందా? ఆ తేడా ఎవరూ పెట్టలేదు. 1989 లో విద్యార్థులందరికీ ఒకే అలవెన్సు పథకం తెచ్చారు. టీచర్ ట్రైనీ కూడా అందరిలో ఒకడయ్యాడు. 1990 లో ఏడాదికి 1,250 డాలర్ల ఫీజు పెట్టారు. ఆ ఏడాది ఎన్నికల్లో ఆ ఫీజు తీసేస్తామని చెప్పి నేషనల్ పార్టీ గెలిచింది. తీసేసింది కూడా! దాని బదులు ఏ కాలేజీ ఫీజు ఆ కాలేజీయే పెట్టుకోవచ్చంది. దాంతోపాటు 1992 లో స్టూడెంట్ లోను వచ్చింది. మాట తప్పలేదండీ అనుకోవాలంటే అనుకోవచ్చు.

మొదట్లో చదువుతుండగానే వడ్డీ పడేది. 2006 లో దేశంలో ఉండేవాళ్ళకి వడ్డీ తీసేశారు. ఆరునెలలు దాటి దేశం వదిలితే మళ్ళీ వడ్డీ. ప్రస్తుతం ఒక పరిమితి దాటిన ఆదాయంలో ప్రతి డాలరుకీ 12 సెంట్లు జీతంలోంచే కోసుకుంటారు. దేశం మొత్తం మీద ఈ లోన్లు దాదాపు 1,600 కోట్ల డాలర్లు. ఈ కాలంలోనే టీచర్ల కాలేజీలు ఒక్కొక్కటే యూనివర్సిటీల్లో కలిసిపోయాయి. 1991 లో హామిల్టన్, 2004 లో ఆక్లండ్, 2005 లో వెల్లింగ్టన్, 2007 లో క్రైస్ట్‌చర్చ్, డునీడిన్.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. లోను వచ్చాక యూనివర్సిటీ మెట్లెక్కినవాళ్ళ సంఖ్య పెరిగింది. పాత రోజుల్లో ఉచితం కొద్దిమందికే. దాన్ని నేను కాదనను. నా బాధ టీచర్ల గురించే.

1990ల నడుమ మళ్ళీ టీచర్ల కరువు. అప్పుడు ఇంగ్లండునుంచీ ఇతర దేశాలనుంచీ టీచర్లని రప్పించారు. లెక్కలు, సైన్సు, మావొరీ భాష అంటూ కరువున్న చోటే స్కాలర్‌షిప్పులు పెట్టారు. 2009 లో స్వచ్ఛంద బాండు పథకమని ఒకటి వచ్చింది. దీన్ని కొంచెం జాగ్రత్తగా చూడండి. టీచర్లు దొరకని బళ్ళలోనో సబ్జెక్టుల్లోనో చేరిన కొత్త టీచరుకి ఏడాదికి 3,500 డాలర్లు. కానీ చేతికొచ్చేది మూడేళ్ళు పనిచేశాకే, మూడేళ్ళదీ కలిపి 10,500. ఆ తర్వాత మరో రెండేళ్ళు ఏటేటా.

పాత బాండు, కొత్త బాండు పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అసలు సంగతి కనపడింది. మొత్తం ఎంత అన్నది కాదు, వరస మారింది. పాత పద్ధతిలో ముందు డబ్బు, తర్వాత చదువు, ఆ తర్వాత కొలువు. కొత్త పద్ధతిలో ముందు అప్పు, తర్వాత చదువు, తర్వాత కొలువు, చిట్టచివర డబ్బు. కాగితం మీద రెండూ దగ్గరదగ్గర లెక్కలే అనిపించొచ్చు. కానీ చివర్లో వచ్చే డబ్బు కోసం ఓపికపట్టగలిగేది ఎవరు? ఇంట్లో అప్పటికే కొంచెం ఉన్నవాళ్ళు. పక్కింటావిడ లాంటివాళ్ళు ఆ వరసలో మొదటి మెట్టు దగ్గరే వెనక్కి తిరిగిపోతారు. వాళ్ళు ఏ లెక్కల్లోనూ కనపడరు, ఎందుకంటే వాళ్ళు దరఖాస్తే పెట్టరు. 2018 లో మొదటి ఏడాది ఫీజు మాఫీ చేసినప్పుడు ఈ వరస ఒకసారి సరైనట్టనిపించింది. 2025 నుంచి దాన్ని కూడా మొదటి ఏడాదికి బదులు చివరి ఏడాదికి మార్చారు. వరస మళ్ళీ తిరగబడింది.

ఈమధ్య ప్రభుత్వం బళ్ళోనే పనిచేస్తూ భత్యంతో శిక్షణ పొందే పథకాన్ని పెంచుతోంది. 2024 బడ్జెట్‌లో డబ్బు కూడా పెట్టారు. పక్క దేశం ఆస్ట్రేలియా 2025 జులై నుంచి టీచర్, నర్స్ శిక్షణలో ఉన్నవాళ్ళకి, అర్హత ఉంటే, ప్రాక్టీసు రోజులకి వారాల లెక్కన డబ్బిస్తోంది. బళ్ళో పనిచేస్తూ, కొంచెం డబ్బు తీసుకుంటూ, నేర్చుకోవడం. ఎక్కడో విన్నట్టు లేదూ? 1846 గుమాస్తాగారి ఏర్పాటే, చుట్టూ తిరిగి వచ్చింది.

398

ఇదంతా ఫోన్లో మా అమ్మతో చెప్పాను. అమ్మ కూడా టీచరే, ప్రకాశం జిల్లాలో చేసి రిటైరైంది. మన రాష్ట్రంలో 1980లలో నెలకి 398 రూపాయలకి స్పెషల్ టీచర్లని వేశారు. ఇప్పటికీ పాత టీచర్లలో '398 వాళ్ళు' అంటే ఎవరో అందరికీ తెలుసు. అమ్మ ఆ బాపతే. తర్వాత రోజుల్లో డీఎస్సీ నెగ్గినవాళ్ళని కూడా కొన్నేళ్ళపాటు అప్రెంటిస్ టీచర్లని పేరు పెట్టి కొద్ది మొత్తానికి పనిచేయించుకున్నారు. మన దగ్గర వరస ఇంకోలా ఉండేదన్నమాట. చదువుకి నీ డబ్బు, కొలువు మొదట్లో సగం డబ్బు. 2000ల చివర్లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక బి.ఎడ్. ఫీజు భారం చాలామంది పేద పిల్లల మీదనుంచి దిగింది. అది మంచిదే. కానీ అది కాలేజీ చేతికెళ్ళే డబ్బు, చదివే పిల్ల ఇంటి పొయ్యికి కాదు.

"నువ్వు ట్రైనింగుకి డబ్బెక్కడిదమ్మా?" అని ఎప్పుడూ అడగని ప్రశ్న అడిగాను.

"మీ తాతయ్య గేదెని అమ్మారు కదరా. రెండు ఉండేవి. పాలిచ్చేదాన్నే అమ్మారు, వట్టిపోయినదానికి డబ్బు రాదని" అంది. కాసేపాగి, "ఆ ఏడాదంతా మీ పిన్నికి పాలు లేవు. చిన్నపిల్ల అప్పటికి" అంది.

నలభై ఏళ్ళ పైమాట అది. నేను కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసి, విమానమెక్కి, ఈ దేశంలో ఇంటి లోను కట్టుకుంటున్నానంటే దాని కింద అమ్మ ఉద్యోగం ఉంది. దాని కింద ఆ గేదె ఉంది, పిన్ని తాగని పాలున్నాయి. టీచర్ శిక్షణ ఖర్చు ప్రభుత్వం పెట్టుకోకపోతే ఆ ఖర్చు మాయమైపోదు. ఏదో ఒక ఇంట్లో, ఏదో ఒక పిల్ల గ్లాసులోంచి పోతుంది. బడ్జెట్ కాగితాల్లో మాత్రం పొదుపు అని కనపడుతుంది.

"ఇంతకీ అమ్మాయి ఏమంటోంది?" అని అడిగింది అమ్మ.

"అప్పంటే నేనే భయపడుతున్నానమ్మా" అన్నాను.

"మీ తాతయ్య భయపడలేదా ఏం?" అంది.

మా ఆవిడ పోయిన గురువారం దరఖాస్తు పెట్టింది. లెక్కల టీచర్లకిచ్చే స్కాలర్‌షిప్పుకి కూడా పెట్టింది. వస్తే మంచిది, రాకపోతే లోను. పెద్దావిడకి చెప్పాను. ఆ 80 రోజులూ సాయంత్రాలు పాపని తన దగ్గర ఉంచమంది. డబ్బులిస్తానంటే కోప్పడింది. "నా చదువుకి నేనొక్క పెన్నీ కట్టలేదు. ఇప్పుడు కట్టనివ్వు" అంది.